బస్సుమెట్టును గూర్చిన శాసనవాక్యములు

శాసనములను విమర్శించుట న్యాయవాదుల పని గాని సాహిత్యపత్రికల పని కాదని కొందఱనవచ్చును. మేమట్లు తలపము. శాసనమును గద్యరచనయే. అందును కర్త కలదు, క్రియ కలదు, విశేషణములు కలవు, అన్వయము కలదు. కావ్యమున అన్వయము చెడినచో రసభంగము కలుగును. శాసనమున అన్వయము చెడినచో ఒక మనుష్యుడు బస్సు ఎక్కలేక దారిప్రక్కన నిలిచిపోవును. కావున ఈ మాసమున కావ్యమునకు మాఱుగా మూడు శాసనవాక్యములను విమర్శకు దీసికొనుచున్నాము. మొదటిది 1995వ సంవత్సరపు వికలాంగుల చట్టమునందలి 44వ సెక్షను. రెండవది 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టమునందలి 41వ సెక్షను. మూడవది ఆ రెండవచట్టము క్రింద 2017లో ప్రకటింపబడిన నియమావళియందలి 15వ నియమము. బస్సులలోను రైళ్లలోను వికలాంగుల ప్రయాణమునకు ఆధారముగా ప్రభుత్వము చూపిన వాక్యములివి.

విమర్శకు ముందు వస్తుపరిచయ మవసరము. మన సామాన్యపు బస్సులు చిరకాలముగా లారీలకు వాడు ఛాసిస్‌వంటి దానిపైననే కట్టబడుచు వచ్చినవి. క్రింద ఇరుసులు, చట్రము, యంత్రభాగములు నుండుటచే బస్సునేల భూమికి మీటరుకు పైగా ఎత్తున నుండును. ఆ యెత్తును రెండు మూడు నిటారుమెట్లతో, ఇరుకుద్వారమున, కదలబోవు బండిలో ఎక్కవలయును. నగరబస్సులకు కేంద్రప్రభుత్వ మేర్పఱచిన ప్రమాణములలో 400, 650, 900 మిల్లీమీటర్ల నేలయెత్తులు పేర్కొనబడినవి. వీనిలో 400 మిల్లీమీటర్ల దానిని లో-ఫ్లోర్ బస్సందురు. అట్టి బస్సు గాలిసంచులపై నిలుచు సస్పెన్షను గలదైనచో, డ్రైవరు మీట నొక్కగానే అది ద్వారమువైపునకు కొంచెము వంగును. ద్వారముకడ మడిచియున్న ర్యాంపును కాలిబాటమీదికి విప్పినచో, చక్రములకుర్చీలో నున్నవారు పరుల చేతులపై మోయబడక తామే లోనికి పోగలరు. ఆ బస్సునకును ఈ బస్సునకును నేలయెత్తులో భేదము అరమీటరునకు కొంచెము పైమాట. మనము విమర్శింపబూనిన చర్చ యంతయు ఆ కొంచెపు ఎత్తును గూర్చినదే.

ఇది ఎవరికి సంబంధించిన చర్చ? 2011వ సంవత్సరపు జనాభాలెక్కలలో దేశమున 2.68 కోట్లమంది వికలాంగులుగా నమోదైరి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 22 లక్షలకు పైగా నుండిరి. మోకాళ్లనొప్పులతో బాధపడు వృద్ధురాలు, నిండుచూలాలు, చంకనెత్తిన బిడ్డతో ప్రయాణము చేయు తల్లి, కాలు విఱిగి కట్టుతో నున్న యువకుడు ఈ లెక్కలో చేరరు. కాని మెట్టు వారిని విడిచిపెట్టదు. జీవితమున ఏదోయొక దశయందు ఈ మెట్టుకడ ఆగిపోవనివారు మన యిండ్లలో అరుదు.

ఇక మొదటివాక్యము. 1995వ సంవత్సరపు చట్టము చెప్పిన దాని తాత్పర్యమిది: రవాణాసంస్థలు తమ ఆర్థికశక్తికిని అభివృద్ధికిని గల పరిమితులకు లోబడి, రైలుపెట్టెలను, బస్సులను, ఓడలను, విమానములను వికలాంగులు సులభముగా ఎక్కుటకు వీలుగా మార్చుటకు ప్రత్యేకచర్యలు తీసికొనవలయును. క్రియను జూచిన వాక్యము గట్టిదే. కాని క్రియకు ముందు నిలిచిన ‘శక్తికి లోబడి’ యన్న మాట దాని బలమంతయు హరించుచున్నది. శక్తి యెంతయో నిర్ణయించువారెవరు? వాక్యమున వారి పేరు లేదు. పేరు లేనప్పుడు ఆ నిర్ణయము సహజముగా ఆ సంస్థకే చెందును. అప్పు తీసికొన్నవాడు ‘నా శక్తికొలది తీర్తు’నని నోటు వ్రాసి, శక్తిని తానే లెక్కకట్టుకొన్నట్లున్నది. అట్టి నోటుమీద మన పల్లెటూరి షావుకారు రూపాయ యైన నిచ్చునా? ఈ నోటును వికలాంగులు ఇరువదియేండ్లకు పైగా చేతబట్టుకొని తిరిగిరి.

రెండవవాక్యము కొంత మేలైనది. 2016వ సంవత్సరపు చట్టము 2017 ఏప్రిలు 19వ తేదీన అమలులోనికి వచ్చెను. దానికి వెనుక ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కలదు. భారతదేశము దానిని 2007లో ఆమోదించెను. ఈ చట్టమున ప్రయాణము దయాధర్మముగా గాక హక్కుగా చెప్పబడినది. బస్సుస్టాపులు, రైల్వేస్టేషనులు, విమానాశ్రయములు నిర్ణీతప్రమాణముల కనుగుణముగా నుండవలయును. టిక్కెట్టుకిటికీ, టిక్కెట్టుయంత్రము, మరుగుదొడ్డి, వాహనము నిలుపు స్థలము పేరుపేరున చెప్పబడినవి. పిదప రెండవ ఉపవాక్యమున అన్ని రవాణాసాధనములును అందుబాటులో నుండవలయుననియు, పాతవాహనములను గూడ మార్పవలయుననియు చెప్పి, వెంటనే నాలుగు నిబంధనలను జేర్చిరి: సాంకేతికముగా సాధ్యమైనచో, వికలాంగులకు క్షేమకరమైనచో, ఆర్థికముగా గిట్టుబాటైనచో, నిర్మాణమున పెద్దమార్పులు అవసరము కానిచో.

ఇచ్చట అన్వయమును గూర్చిన ప్రశ్న పుట్టుచున్నది. ఈ నాలుగు విశేషణములును దేనికి జెందును? ‘అన్ని రవాణాసాధనములు’ అను మాటకా, ‘పాతవాహనములను మార్చుట’ అను మాటకు మాత్రమేనా? మొదటిదే నిజమైనచో 1995వ సంవత్సరపు నోటును క్రొత్తకాగితముపై తిరుగవ్రాసినట్లే యగును. రెండవదే సరియైన యన్వయమని మా యభిప్రాయము. విశేషణము సన్నిహితపదమును ఆశ్రయించుట సహజధర్మము. అర్థమును బట్టి చూచినను అంతే: నిర్మాణమున పెద్దమార్పులు వలదనుట ఇదివఱకే నిర్మింపబడిన దానికి మాత్రమే పొసగును, ఇంకను కట్టని బస్సునకు మార్పనునదే లేదు. కావున పాతబస్సునకు సాకు దొరకవచ్చునేమో గాని, రేపు టెండరు పిలిచి కొనబోవు క్రొత్తబస్సునకు ఈ వాక్యమున సాకు లేదు. ఈ యన్వయమును చదువరులు చక్కగా గ్రహింపవలెనని కోరుచున్నాము. ఏలయన, క్రొత్తగా ఎత్తునేల బస్సును కొన్న ప్రతిపర్యాయమును దాని ఆయుర్దాయమంతయు, అనగా పది పండ్రెండేండ్లు, ఆ మెట్టును గూడ కొన్నట్లే.

మూడవవాక్యమునకు వచ్చితిమి. చట్టము ‘ప్రమాణముల ననుసరింపవలయు’నన్నది. ఆ ప్రమాణములెవ్వి? 2017వ సంవత్సరపు 15వ నియమము వానిని జూపవలసియుండెను. ఆ నియమము కట్టడములకు 2016లో ప్రకటింపబడిన మార్గదర్శకములను, బస్సులకు బస్సుబాడీ ప్రమాణములను వ్రేలుపెట్టి చూపినది. కాని మార్గదర్శకమనగా దారి చూపునదే గాని నడువుమని ఆజ్ఞాపించునది కాదు. దానిని తెఱచి చూచినచో ‘చేయుట మంచిది’, ‘చేయవచ్చును’, ‘సాధ్యమైనచో’ అను క్రియలే పుటపుటను ఎదురగును. చట్టము ఆజ్ఞ, నియమము ఆ యాజ్ఞను చేర్చు దూత, దూత చేరినయిల్లు సలహాలయిల్లు. ఆజ్ఞగా బయలుదేరినది సలహాగా గమ్యము చేరినది.

ఈ దోషమును కనిపెట్టినది మేము కాదు. రాజీవ్ రాటురి యనువారు 2005లో సుప్రీముకోర్టున దాఖలుచేసిన వ్యాజ్యమున 2017 డిసెంబరులో ఒక తీర్పు వెలువడెను. ఆ తీర్పు ఎంతవఱకు ఆచరింపబడెనో పరిశీలించు పనిని కోర్టు హైదరాబాదునందలి నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమునకు అప్పగించెను. ఆ కేంద్రము సమర్పించిన నివేదికను పురస్కరించుకొని, 2024 నవంబరు 8వ తేదీన ప్రధానన్యాయమూర్తి చంద్రచూడ్‌గారితో గూడిన ధర్మాసనము 15వ నియమపు మొదటి యుపనియమము మూలచట్టమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. తప్పక చేయవలసినవానిని, క్రమముగా మెఱుగుపఱచుకొనదగినవానిని వేఱుపఱచి, మొదటివానిని విధిగా 3 నెలలలో ప్రకటింపవలయునని ప్రభుత్వము నాజ్ఞాపించెను. ఒక వాక్యములోని క్రియ బలహీనముగా నున్నదని దేశపు అత్యున్నతన్యాయస్థానము తీర్పు చెప్పుట వ్యాకరణమును తేలికగా జూచువారికి గుణపాఠము. ‘చేయవలయును’, ‘చేయదగును’, ‘చేయవచ్చును’ అను మూడింటికి గల తారతమ్యమును మన పిల్లలు బడిలోనే నేర్చుకొందురు. దానిని పెద్దలకు బోధించుటకు పందొమ్మిదేండ్ల వ్యాజ్యము పట్టెను.

ఈ మూడింటితో పోల్చిచూచుటకు మఱియొక వాక్యమును చెప్పుదుము. 2019 డిసెంబరులో కేంద్ర మోటారువాహన నియమములకు ఒక సవరణ జేరెను. 2020 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. దానియందు ప్రాధాన్యపు సీట్లు, గుర్తులు, ఊతకఱ్ఱలను చేతికఱ్ఱలను భద్రపఱచు ఏర్పాటు, పట్టుకొనుటకు కమ్ములు, చక్రములకుర్చీ ప్రవేశించుటకును నిలుచుటకును దానిని బిగించుటకును సాధనములు అని వస్తువుల పేళ్లే చెప్పబడినవి. ఈ వాక్యమును మేము మెచ్చుకొందుము. అందు విశేషణములకన్న నామవాచకము లెక్కువ. కమ్మి యున్నదా లేదా యని పసివాడైనను చూచి చెప్పగలడు; ‘గిట్టుబాటు’ ఉన్నదా లేదా యని చెప్పుటకు ఆడిటరు కావలయును. ఐనను ఈ నియమము క్రొత్తబండిని కట్టువానిని శాసించునే గాని నడుపువానిని శాసింపదు. బస్సు కాలిబాట నానుకొని ఆగక నడివీథిని ఆగినచో ర్యాంపు నిరుపయోగము. ఊతకఱ్ఱ కంటబడగానే ఆగకుండ పోవు డ్రైవరునకు ర్యాంపు ఉన్నను లేకున్నను ఒకటే.

ఇంతవఱకు చెప్పినదానికి సంస్థల సమాధానము రెండు విధములు. మొదటిది ధనము లేదనుట. ధనలోపమే నిజకారణమైనచో ఎచ్చటను ఈ వసతులు కలుగకుండవలయును. 2002లో ప్రారంభమైన ఢిల్లీ మెట్రోయందును, 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రోయందును లిఫ్టులు, చూపులేనివారికై స్పర్శపలకలు, రైలుపెట్టెలో చక్రములకుర్చీకి స్థలము, స్టేషను పేరును వినిపించు ఏర్పాటు ఉన్నవి. ఇవి పిమ్మట అతికించినవి కావు; నిర్మాణపుపటముననే గీయబడినవి. అదే నగరమున అదే మనుష్యుడు మెట్రో దిగి వీథిలోనికి రాగానే కాలిబాట తెగిపోవును, దానిపై బండ్లు నిలిచియుండును, ఎదుట ఎత్తునేల బస్సు ఆగును. ఒకచోట పటము గీయునపుడు వానిని తలచికొనిరి, మఱియొకచోట తలచికొనలేదు. భేదము బొక్కసమున కన్న ముందు బుద్ధియందు గలదు.

రెండవసమాధానము మన రోడ్లను గూర్చినది. గుంతలు, ఎత్తైన స్పీడుబ్రేకర్లు, వానకాలపు నీరు ఉన్నచోట తక్కువయెత్తు బస్సు అడుగు తగులునని చెప్పుదురు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. పల్లెదారులకు ఎత్తుబండియే తగియుండవచ్చును. కాని బస్సును దింపలేనిచో నిలుచుచోటును ఎత్తుచేయవచ్చును గదా. 2009లో అహమ్మదాబాదున ప్రారంభమైన జనమార్గ్ బస్సుల నేల 900 మిల్లీమీటర్ల యెత్తున నుండును. స్టేషనుతిన్నెయు అంతే యెత్తుగా కట్టి, దానిపైకి ర్యాంపు వేసిరి. బెజవాడవంటి పెద్ద బస్సుస్టేషనులలో బస్సులు నియతస్థానములలో ఆగును. అచ్చట కొన్నిటికైన తిన్నె లెత్తుచేయుటకు రోడ్డుగుంతలు అడ్డురావు. చెన్నపట్టణమున హైకోర్టులో దీర్ఘకాలము వాదము నడచిన పిదప 2024 ఆగస్టులో లో-ఫ్లోర్ బస్సులు వీథిలోనికి వచ్చెను. చెన్నపట్టణపు వీథులలో వాననీరు నిలువదని ఎవ్వరును చెప్పలేరు.

మెట్టును మార్పక మన ప్రభుత్వములు చేయుచున్న రెండు పనులను గూడ విమర్శింపవలసియున్నది. ఒకటి ఛార్జీలో రాయితీ. వికలాంగులకు రాయితీపాసులు కలవు. తెలంగాణమున 2023 డిసెంబరునుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టునుండియు స్త్రీలకు ఉచితబస్సుప్రయాణము కలదు. ఇవి మంచిపనులే, పేదస్త్రీని ఇంటినుండి వెలికి దెచ్చిన పథకమును మేము తక్కువచేయము. కాని చక్రములకుర్చీలోని స్త్రీకి టిక్కెట్టువెల సున్నయైనను మెట్టుయెత్తు తగ్గలేదు. ఆటోకు ఆమె పెట్టు వ్యయమే ఆమె నిజమైన బస్సుఛార్జి. ఎక్కలేని బండిలో రాయితీ యిచ్చుట, తాళమువేసిన సత్రమున భోజనము ఉచితమని పలక కట్టుటవంటిది.

రెండవది పేరుమార్పు. ‘వికలాంగులు’ అను మాటకు బదులు ‘దివ్యాంగులు’ అను మాటను ప్రధానమంత్రి 2015 డిసెంబరులో ప్రతిపాదించిరి. పిదప ప్రభుత్వశాఖ పేరునకును అది ఎక్కెను. వికలాంగుల సంఘములలో ననేకములు దానిని నిరాకరించినవి. భాషాభిమానులమైన మేమును ఆ నిరాకరణమునకే మ్రొగ్గుదుము. దివ్యత్వము మనుష్యులకు సంబంధించినది కాదు. దేవతలకు బస్సు అక్కఱలేదు. ఉత్సవమునాడు వారిని మోయుటకు బోయీలుందురు. ఈ ప్రజలు కోరునది తమ్మెవ్వరును మోయకుండుటయే.

బస్సులలోను స్టేషనులలోను వ్రాయబడిన వ్రాతలను గూడ విమర్శకుడు చదువవలయును. బస్సులోపల సీటుపైని ‘వికలాంగులకు’ అని వ్రాయుదురు. ఆ వ్రాత మెట్లన్నియు ఎక్కినవారికే కనబడును. చూపులేనివారికి ఎన్నడును కనబడదు. రైలునందు వికలాంగులకై ప్రత్యేకపుపెట్టె సాధారణముగా సామానుగది, గార్డుగది గల పెట్టెలోనే ఒకభాగముగా నుండును. కావున అది తఱచుగా రైలుకొననే నుండును, స్టేషనుద్వారమునకు దూరముగా ప్లాట్‌ఫారము చివఱకు పోవును. అందఱికన్న తక్కువ నడువగలవారిని అందఱికన్న ఎక్కువ నడిపించుచున్నాము. ఇక కాలిబాటపైని పసుపుపలకలు. 1967లో జపానునందలి ఒకయామానగరమున మొదట పఱచిన ఈ పలకలు పాదములు చదువు లిపి: నిలువుగీతలు ‘నడువు’మని, చుక్కలు ‘ఆగు’మని చెప్పును. రెండే యక్షరములుగల ఈ లిపిలోను మనవారు తప్పులు వ్రాయుచున్నారు. కొన్నిచోట్ల గీతలు నేరుగా కరెంటుస్తంభమునకు పోవును; కొన్నిచోట్ల చుక్కలు లేకయే అంచు వచ్చును. పుస్తకమున అచ్చుతప్పు పాఠకుని విసిగించును. ఇచ్చటి అచ్చుతప్పు నుదురు పగులగొట్టును.

చివఱగా మన యిండ్లను గూర్చి. ‘బస్సులలో చక్రములకుర్చీవారు కనబడరు గదా, ఎవరికొఱకీ ర్యాంపులు?’ అని అడుగువారు కలరు. ఈ వాదము తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. 1874లో ధవళేశ్వరమున వీరేశలింగముపంతులుగారు బాలికాపాఠశాల స్థాపించినప్పుడు చదువుకొన్న స్త్రీలను లెక్కించి, అంతమందికే బడి చాలునని యూరకున్నచో మన అవ్వలెవ్వరును అక్షరము నేర్చియుండరు. లేనివారిని లెక్కించి అవసరమును నిర్ణయించుట, నీరు లేని చెఱువున చేపలు లేవు గనుక నీరక్కఱలేదనుటయే. మెట్టు మొదట మనుష్యుని ఇంటిలో కూర్చుండబెట్టును. పిదప వాని గైరుహాజరే మెట్టునకు సాక్ష్యము పలుకును.

ఈ పనిలో మెట్టునకు కుటుంబము తోడ్పడుచున్నది. చదువుకొన్న కుటుంబములందును, ‘వాడికేమి తక్కువ? అన్నియు ఇంటికే తెచ్చి యిచ్చుచున్నాము’ అను మాట వినబడును. అది ప్రేమతో చెప్పినమాటయే. కాని కాలేజీకి పోవలసిన పిల్ల ఇంట చదువుకొనుట, ఉద్యోగమునకు అర్హుడైనవాడు ఇంట లెక్కలు వ్రాసికొనుట, సినిమాకు అందఱు పోయి యొకడు మాత్రము ఇల్లు కాచుట, ఇవన్నియు ఆ ప్రేమచాటుననే జరుగుచున్నవి. తెచ్చి యిచ్చినదానిని పుచ్చుకొనువాడు ఎన్నుకొనుట మఱచిపోవును. వాని నడుగకయే మనము వాని జీవితమును వ్రాసిపెట్టుచున్నాము.

కాబట్టి పాఠకులకు మా మనవి చిన్నది. మీ వీథికొన స్టాపున ఆగు బస్సుయొక్క మొదటిమెట్టు నేలకెంత యెత్తున నున్నదో ఒకసారి టేపుతో కొలువుడు. స్టాపు కాలిబాటపై ర్యాంపు కలదో లేదో చూడుడు. బస్సునెంబరు చూపులేనివానికి వినబడునా, తరువాతి స్టాపు పేరు చెవిటివానికి కనబడునా యని కనిపెట్టుడు. ఆ కొలతలను డిపోమేనేజరునకు వ్రాయుడు. జవాబు రానిచో, చట్టముయొక్క 79వ సెక్షను క్రింద ప్రతిరాష్ట్రమునను నియమింపవలసిన వికలాంగుల కమిషనరుగారికి వ్రాయుడు. వ్రాయునపుడు ‘దయచేసి’ యని కాళ్లమీద పడనక్కఱలేదు. సెక్షను సంఖ్య వేసి, కొలత వేసి, తేదీ వేసి వ్రాసిన చాలును. మీ యింట ఆ బస్సునెక్కవలసిన వారెవరైన నున్నచో, ముందుగా వారి నడిగి, వారి మాటలలోనే వ్రాయుడు.

ప్రభుత్వమునకు మా మనవి యింకను చిన్నది. విధినియమములను వ్రాయు లేఖకులు ప్రతివాక్యమునను మూడింటిని పరీక్షించుకొందురు గాక: చేయవలసినవారి పేరు కలదా, ఎప్పటిలోగా చేయవలయునో తేదీ కలదా, చేసిరో లేదో మిల్లీమీటర్లలో కొలువవచ్చునా? ఈ మూడును గలిగి, ‘వలయును’ అను క్రియతో ముగిసిన వాక్యమునకు అలంకారము లెవ్వియు అక్కఱలేదు.